ఎడమచేతి కంకి

జూన్ 6
ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి గీకినట్టుంది.

జూన్ 7
రోజూ రాయమంది మారీసా. ఏం రాయాలో చెప్పలేదు.

జూన్ 9
మారీసా మళ్ళీ వచ్చింది. వారానికి రెండుసార్లు బస్సెక్కి ఈ కొండ మీదికి వచ్చి నా కుడిచెయ్యి పిసికి పోవడం ఆ పిల్ల ఉద్యోగం. ఏప్రిల్లో పక్షవాతం వచ్చినప్పటి నుంచీ ఆ చెయ్యి నాది కాదు. ఒళ్ళో పెట్టుకుంటే అలాగే పడి ఉంటుంది.
"రాత వస్తే మిగతా పనులూ వస్తాయి పిన్నీ. ఎవరికీ చూపించొద్దు, నాకు కూడా. నోటికొచ్చింది రాసెయ్యండి," అంది.
నోటికొచ్చింది రాస్తే కాగితం కాలిపోతుంది.

జూన్ 15
కోతలయ్యాయి. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పిండి బిళ్ళల్లో బంగాళాదుంపా జున్నూ కూరి, అంచులు గోధుమ కంకిలా మడిచి కులుర్జోన్లు కుడుతున్నారు. మా ఇంట్లో లేవు. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.
దొలొరెత్తా ఒక పళ్ళెం తెచ్చింది, పైన గుడ్డ కప్పి. నా మొగుడి అక్క. పెళ్ళీ పెటాకులూ లేకుండా మూడిళ్ళ అవతల డెబ్బై నాలుగేళ్ళుగా మహారాణిలా ఉంటోంది.
"తిను. మొహం చిట్లించకుండా తిను," అంది.
కోళ్ళకి వేశాను.

జూన్ 16
అన్నీ వెయ్యలేదు. నాలుగు తిన్నాను. పుదీనా ఎక్కువేసింది.

జూన్ 17
కోళ్ళకి ఒక్కటీ వెయ్యలేదు. పుదీనా సరిగ్గానే ఉంది.

జూన్ 28
చెయ్యి కాస్త తిరుగుతోంది, ఎడమది. ఇవాళ పెద్దగా రాస్తాను.
మా ఆయన బకీజియో పోయి నాలుగు నెలలు దాటింది. ఫిబ్రవరిలో పొయ్యి ముందు కూర్చుని బూటు లేసు విప్పుకుంటూ పోయాడు. ఒక బూటు కాలికే ఉంది. వచ్చే నవంబరు ఒకటిన, చచ్చినవాళ్ళు ఇంటికొచ్చి తిని పోయే రాత్రి, ఆయనకి మొదటి బల్ల పరవాలి.
మా అమ్మ అనేది: ఆ రాత్రి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ బల్ల పరిచి ఉంటుంది, ప్రతి పళ్ళెంలోనూ కులుర్జోన్లే ఉంటాయి. చచ్చినవాళ్ళు తలుపుల మీద పేర్లు చదవలేరు. ఒక్కో కులుర్జోన్ మీద కంకిని వేలితో తడిమి చూసుకుంటారు. ఈ కంకి మా ఇంటి చేతిదే అనుకుంటే కూర్చుంటారు. పాతవాళ్ళకి దారి అలవాటే. మొదటి ఏడాదివాడే తప్పిపోతాడు. ఒకసారి తప్పినవాడు మళ్ళీ రాడు.
నేను ఇవన్నీ నమ్మను. కానీ నా మొగుడి మీద ప్రయోగం చెయ్యను.
నవంబరు ఒకటికి నా చేత్తో కుట్టినవి పన్నెండు బల్ల మీద ఉండాలి. ఏ చెయ్యి అని మా అమ్మ చెప్పలేదు.

జూలై 3
మారీసా మైనం ముద్ద ఇచ్చింది, పిల్లలు ఆడుకునేది. దాన్ని బిళ్ళలు చేసి అంచులు నొక్కుతున్నాను. బొటనవేలు, చూపుడువేలు. ఈ పక్కది ఒక మడత, ఆ పక్కది ఒక మడత, మధ్యలో లోపలికి తొయ్యాలి. అయిదేళ్ళప్పటి నుంచి చేసిన పని. వేళ్ళకి తెలిసేది, నాకెప్పుడూ తెలియదు. ఇప్పుడు నాకు తెలుసు, వేళ్ళకి తెలియదు.

జూలై 11
మైనం నొక్కుతూ ఉంటే దొలొరెత్తా వచ్చింది. తలుపు కొట్టే అలవాటు ఆవిడకి లేదు.
"ఎందుకే ఈ తంటా? తమ్ముడి బల్లకి నేను కుట్టి పెడతాగా."
"నీ కంకి సంగతి నాకు తెలుసులే వదినా."
మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది.
నేనన్నదాంట్లో అబద్ధమేముంది? ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట మా లుసోరియో పోయాడు. అక్టోబరులో. వాడికి మూడేళ్ళు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. వాడి బల్ల పరవడానికి కూడా లేవలేదు. ఈవిడే కుట్టి తెచ్చి పెట్టింది. పొద్దున్నే లేచి చూద్దును కదా, పళ్ళెంలో కంకులన్నీ తిరగబడి ఉన్నాయి. ఎడమకి వాలాల్సిన మడతలు కుడికి వాలాయి. తన ఇంట్లోవి చక్కగానే కుడుతుంది. నా కొడుకు దగ్గరే ఆవిడ చెయ్యి తిరగబడింది. నా పసివాడు తడిమి చూసి, ఇది మా ఇల్లు కాదనుకుని వెళ్ళిపోయి ఉంటాడు. ఎవరి గుమ్మంలో నిలబడ్డాడో, ఎంతసేపు నిలబడ్డాడో.
రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర ఆరుగురు ఆడవాళ్ళ ముందు అన్నాను, "దొలొరెత్తా కంకి చూస్తే చచ్చినవాళ్ళు దారి తప్పుతారు" అని. ఆవిడ నోరు మెదపలేదు. తప్పు చేసినవాళ్ళు ఏం మాట్లాడతారు?
ఒక్కసారే అన్నాను.

జూలై 12
ఒక్కసారి కాదు. రెండు మూడుసార్లు అని ఉంటాను.

జూలై 30
రొట్టె కొయ్యడానికి బకీజియో మడతకత్తి తీశాను. నా వంటింటి కత్తులేవీ ఎడమచేతికి లొంగవు. ఇది మాత్రం నా కోసమే చేసినట్టు ఇమిడింది. ఆయన చెయ్యి అరగదీసిన పిడి. బడిలో సిస్టరమ్మ బెత్తంతో కొట్టి రాత ఒక్కటే కుడికి మార్చింది. గొర్రెల పాలు పితకడం, కత్తి పట్టడం, నా మొహం తనవైపు తిప్పుకోవడం అన్నీ ఎడమచేత్తోనే.
గొడ్డలి కూడా. ప్రతి నవంబరులోనూ మా ఇంటి పని వదిలేసి అక్క పెరట్లో రోజంతా కట్టెలు కొట్టి వచ్చేవాడు. ఎందుకూ అంటే చలి వస్తోందిగా అనేవాడు. చలి మాకు మాత్రం రాదా?
ఇప్పుడు ఎవరి పెరట్లోనూ ఎవరూ కొట్టడం లేదు.

ఆగస్టు 14
మైనం చాలు. పిండి ముట్టుకున్నాను. గట్టి గోధుమ రవ్వ, గోరువెచ్చని నీళ్ళు, ఉప్పు, చెంచాడు పందికొవ్వు. ఒక చేత్తో, ఒక మోచేత్తో పిసికాను. పిండి బాగా కుదిరింది. గ్లాసుతో బిళ్ళలు కోశాను. కుట్టడం కుదరలేదు.

ఆగస్టు 15
కుదరలేదు.

ఆగస్టు 16
కుదరలేదు.

ఆగస్టు 19
కుదరలేదు. గిన్నె గోడకేసి కొట్టాను, ఎడమచేత్తోనే. గురి మాత్రం బాగా కుదిరింది.

సెప్టెంబరు 10
ఒక్కటి. ఒక్కటి కుట్టాను! చూడ్డానికి మొటిక్కాయ తిన్న మొహంలా ఉంది. అయినా మూసుకుంది. లోపల ముందు రోజే ఉడికించి పెట్టుకున్న బంగాళాదుంప, ఎండు జున్ను, ఉప్పునీళ్ళలో ఊరిన పుల్ల జున్ను, వెల్లుల్లి కాచిన నూనె, పుదీనా. మా అవ్వ చిన్నప్పుడు కొవ్వూ ఉల్లిపాయా పెట్టి కుట్టేవాళ్ళట, బంగాళాదుంప తర్వాత వచ్చిందట. లోపల ఏది పెట్టినా పైన గోధుమ కంకే. ఏడాదంతా అన్నం పెట్టిన చేనుకి ఆ కంకి చూపించకుండా తినకూడదనేది అవ్వ.
ఆ ఒక్కదాన్నీ ఉడకబెట్టలేదు. కిటికీలో పెట్టుకుని చూస్తున్నాను.

సెప్టెంబరు 13
ఎండి పగిలింది. పోనీ.

అక్టోబరు 5
పదకొండు కుట్టి నీళ్ళలో వేశాను. తేలాల్సినవి విచ్చుకున్నాయి. కుండలో మిగిలింది గంజి. గంజే తాగాను. ఉప్పు సరిపోయింది.

అక్టోబరు 12
మారీసా బుర్ర వాడింది. "కుడిచెయ్యిని పని చెయ్యమనకండి పిన్నీ, ఊరికే ఉండమనండి," అంటూ దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, బిళ్ళ అందులో వేసింది. చచ్చిన చెయ్యి దొప్పలా పనికొచ్చింది. బతికున్న చెయ్యి కుడుతుంది. ఇన్ని నెలలుగా దాన్ని తిడుతూనే ఉన్నాను. ఇవాళ దానికి కొంచెం నూనె రాశాను.

అక్టోబరు 16
తొమ్మిది నీళ్ళలో నిలిచాయి. కుట్టు నిలిచింది, అది చాలు. ఇంకేమీ చూడలేదు.

అక్టోబరు 18
పదకొండు నిలిచాయి. కుట్టు నిలిస్తే చాలు. ఇంకేమీ చూడలేదు.

అక్టోబరు 22
చూశాను.
ఎన్నాళ్ళని చూడకుండా ఉంటాను? కంకులన్నీ తిరగబడి ఉన్నాయి. ఎడమచెయ్యి కుడితే మడత కుడికి వాలుతుంది. మొదటి రోజు నుంచీ అలాగే ఉంది. మైనంలోనూ అలాగే ఉంది.
ఆ ఏడు నా కొడుకు పళ్ళెంలో ఉన్నవి ఎలా ఉన్నాయో, అచ్చం అలాగే.

అక్టోబరు 24
కింది కొస నుంచి కాకుండా పై కొస నుంచి కుట్టాను. విచ్చుకుంది. అద్దం పెట్టి కుట్టాను. కళ్ళు తిరిగాయి.

అక్టోబరు 25
వేళ్ళు తారుమారు చేసి చూశాను. విచ్చుకుంది.
"ఎటు వాలితే ఏముంది పిన్నీ? రుచి అదేగా," అంది మారీసా.
"నువ్వు ముందు ఒక మొగుణ్ణి చేసుకుని నలభై అయిదేళ్ళు కాపురం చెయ్యి, అప్పుడు చెప్తాను."
"వామ్మో, అన్నాళ్ళా! ఇలాగే తెలియకుండా ఉంటాలెండి," అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

అక్టోబరు 28
దొలొరెత్తాని కుట్టి పెట్టమని అడిగితే? తిన్నగానే కుడుతుంది. ఆయన తోబుట్టువు.
అడగను. ఏ మొహంతో అడుగుతాను?

అక్టోబరు 29
తేల్చుకున్నాను. తిరగబడినవే పెడతాను. ఇది నా ఇల్లు, ఇప్పుడు ఈ ఇంటికున్న చెయ్యి ఇది. ఆయన దారి తప్పితే తలుపు తీసుకుని వీధిలోకి నేనే వెళ్తాను, ఎవరి గుమ్మంలో నిలబడి ఉన్నా చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను. కొడుకు కోసం అప్పుడు లేవలేదు. ఈసారి లేస్తాను.
రేపు కుడతాను.

అక్టోబరు 30
పన్నెండూ కుట్టాను. దొలొరెత్తా వచ్చింది.

అక్టోబరు 31
ఇవాళ రాయను.

నవంబరు 1
బల్ల పరిచే లోపు రాసెయ్యాలి.
మొన్న మధ్యాహ్నం పన్నెండూ చెక్కపలక మీద ఆరబెట్టి ఉన్నాయి. గుడ్డ కప్పేంతలో తలుపు తోసుకుని వచ్చేసింది. దాచినా లాభం లేదు, చూడనే చూసింది. అందుకని నేనే అన్నాను.
"చూడు, బాగా చూసి నవ్వుకో. నావీ తిరగబడ్డాయి."
నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూలబడింది. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని కంకి మీద నెమ్మదిగా వేలు పోనిచ్చింది. పెదాలు వణికాయి. ఆవిడ పెదాలు వణకడం మా మామ శవం దగ్గర కూడా నేను చూడలేదు.
"ఇవి వాడివే," అంది.
"ఎవరివి?"
"తమ్ముడివి. ఇంకెవరివి? ఆ ఏడు పిల్లాడి బల్లకి కుట్టింది నేననుకున్నావా? నేను కాదే పిచ్చిదానా. వాడు."
నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకున్నాను.
బకీజియో మంద నుంచి దిగి వచ్చి, పిండి తీసుకుని అక్క వంటింట్లో కూర్చున్నాడట. "నేను కుట్టి ఇస్తానురా," అని ఈవిడ అంటే వినలేదట. "వాళ్ళమ్మ లేవలేకపోతోంది. పిల్లాడికి మా ఇంటి చెయ్యే కావాలి. ఇంక నేనే ఉన్నాను. నేర్పు," అన్నాడట. గొర్రెల కాపరి, అరచేతులు రాళ్ళలాంటివి. రెండు రోజులు కూర్చున్నాడట. ఈవిడ చూపించినట్టు కుడిచేత్తో కుడితే ఒక్కటీ రాలేదట. ఎడమచేత్తో మొదలుపెడితే వచ్చిందట. యాభై పాడుచేస్తే పన్నెండు నిలిచాయట.
"ఏడుస్తూ కుట్టాడే. ముక్కు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను తుడిచాను, చిన్నప్పుడు తుడిచినట్టు," అంది.
"మరి నాకెందుకు చెప్పలేదు?"
"నువ్వు లేవలేదని నీకు గుర్తుచెయ్యకూడదట. పిల్లాడి మీద ఒట్టు వేయించుకున్నాడు. అక్క కుట్టిందనుకుంటే ఏమవుతుంది, అంటే గింటే రెండు మాటలంటుంది, అన్నాడు వెధవ."
రెండు మాటలు. ఇప్పుడు నిజం రాస్తాను, ఇది ఎవరూ చదవరు కనక. ఒక్కసారి కాదు, రెండు మూడుసార్లు కాదు. ప్రతి ఏడూ అన్నాను. ప్రతి నవంబరులోనూ, పొయ్యి దగ్గర, అందరి ముందూ. ముప్ఫై ఎనిమిదేళ్ళు.
"నువ్వు అన్న మర్నాడల్లా వాడు వచ్చి నా పెరట్లో కట్టెలు కొట్టి పోయేవాడు. మాట్లాడేవాడు కాదు. ఎంత గట్టిగా అన్నావో కట్టెల మోపు చూస్తే తెలిసేది," అని ముక్కు చీదింది. "ఒక ఏడు మరీ గట్టిగా అన్నట్టున్నావు, మార్చి దాకా సరిపోయాయి."
నేను బల్ల మీద తల పెట్టేశాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది, సాయంత్రం దాకా.
నిన్నంతా ఒకటే ఆలోచన. నా లుసోరియో దారి తప్పలేదు. వాడు తడిమి చూసుకున్నాడు. అది వాళ్ళ నాన్న చెయ్యి. వాణ్ణి గాల్లోకి ఎగరేసి పట్టుకున్న చెయ్యి. తెలియకపోవడమేమిటి? వచ్చాడు. కూర్చున్నాడు. తిన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను వాణ్ణి ఊరి వీధుల్లో ఏడిపిస్తూ తిప్పుతున్నాను. వాడేమో ఆ రాత్రే ఇంటికి వచ్చి వెళ్ళాడు.
ఆ పన్నెండుకు తోడు ఇవాళ పొద్దున మరో ఏడు కుట్టాను. మారీసా ఫోన్ చేసింది. కుడిచేతి వేళ్ళు రెండు ఈ వారం కాస్త కదులుతున్నాయిగా పిన్నీ, దానితో ఒకటి ప్రయత్నించండి అంది. ఇవాళ కాదన్నాను.
చీకటి పడుతోంది. నీళ్ళు మరుగుతున్నాయి. తేలిన వాటిని తేలినట్టే తీసి, నూనె, తురిమిన జున్ను. మా ఇంట్లో పోయినవాళ్ళకి టొమాటో పెట్టం. కత్తి పెట్టం. పళ్ళేలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తలుపు గడియ తీసి పెట్టి పెందలాడే పడుకుంటాను. వాళ్ళు తినేటప్పుడు మనం చూడకూడదు.

నవంబరు 2
హాయిగా నిద్రపోయాను. పొద్దున్నే బల్ల మీది పళ్ళేలు ఎప్పటిలాగే పక్కింటి ముసలాయనకి ఇచ్చేశాను. విడిగా దాచిన ఏడూ ఉడికించి, టొమాటో పులుసు వేసి, వంటకి వాడే తులసి ఆకులు చల్లి, గుడ్డ కప్పి, ఎడమచేత్తో పట్టుకుని శ్మశానానికి వెళ్ళాను. దారిలో రెండుసార్లు ఆగాను, పళ్ళెం బరువుకి కాదు.
సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక ఊళ్ళో ఆడవాళ్ళందరూ గేటు దగ్గరే నిలబడతారు. ఆ పొయ్యి దగ్గర అప్పుడున్న ఆరుగురిలో నలుగురు ఇంకా ఉన్నారు. వాళ్ళు చూస్తుండగానే దొలొరెత్తా ముందుకు వెళ్ళి నిలబడ్డాను. గొంతు గట్టిగానే వచ్చింది.
"నా కొడుకు బల్లకి ఆ ఏడు కుట్టింది మా ఆయన. ఈవిడ కాదు. ఇన్నేళ్ళూ మీ ముందు నేను ఈవిడ మీద వేసిన నింద అబద్ధం. తప్పు నాది, వదినా. ఇది నీకు."
కులుర్జోన్లు గుడ్డ కప్పి ఇస్తే మా దగ్గర దానికి ఒకటే అర్థం, నువ్వంటే నాకు గౌరవం అని. ఆవిడ నాకు ఎన్నిసార్లో ఇచ్చింది. నేను ఆవిడకి ఇవ్వడం ఇదే మొదలు.
దొలొరెత్తా గుడ్డ ఎత్తి చూసింది. ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. అందరికీ వినపడేలా అంది.
"అయ్యో రాత! ఈ కంకి చూస్తే చచ్చినవాళ్ళు దారి తప్పుతారే."
అని నోట్లో వేసుకుంది.
ముందు ఆ నలుగురు నవ్వారు, తర్వాత నేను. బకీజియో సమాధి గట్టు మీద కూర్చుని మిగతా ఆరూ ఇద్దరం తిన్నాం. చల్లారిపోయాయి. పుదీనా కాస్త ఎక్కువైందని ఆవిడ అంది. అయిందని ఒప్పుకున్నాను.
రేపు ఆవిడ పెరట్లో కట్టెలు కొట్టించాలి.